సిస్కో స్విచ్‌లో కమాండ్ దిద్దుకోవడం: ట్రంక్ పోర్టు దగ్గర జాగ్రత్త

నమస్తే అండి. స్క్రీన్ చూడండి. విజయవాడ ఆఫీసులో కూర్చుని గుంటూరు బ్రాంచి స్విచ్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయి, వచ్చాం అనుకోండి. ఎనేబుల్, పాస్‌వర్డ్, హ్యాష్ (#) ప్రాంప్ట్ వచ్చింది. కాన్ఫ్ టీ, అంటే కాన్ఫిగర్ టెర్మినల్, సెట్టింగులు మార్చే మోడ్. ఇంట్ జీ 1/0/24, అంటే ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 1/0/24. అంతే, పోర్టులోకి వచ్చేశాం.

కమాండ్ మొత్తం టైప్ చెయ్యక్కర్లేదండి. నాలుగక్షరాలు కొట్టి ట్యాబ్, మిగతాది అదే నింపుతుంది. తర్వాత ఏం రావాలో తెలీకపోతే స్పేస్ ఇచ్చి క్వశ్చన్ మార్క్. స్పేస్ ఇవ్వకపోతే ఆ అక్షరాలతో మొదలయ్యే పదాలే చూపిస్తుంది. యాంబిగ్యుయస్ అని వస్తే, అంటే ఆ అక్షరాలతో ఒకటికి మించి కమాండ్లు ఉంటే, ఇంకో అక్షరం కొట్టండి. ఇన్వాలిడ్ ఇన్‌పుట్ అని వస్తే, ఇదిగో ఈ ^ గుర్తు, తప్పు ఇక్కడ.

కంట్రోల్ ఏ, లైన్ మొదటికి. కంట్రోల్ ఈ, చివరికి. కంట్రోల్ యూ, కర్సర్‌కి ఎడమవైపు ఉన్నదంతా పోతుంది. మధ్యలో లాగ్ మెసేజ్ వచ్చి లైన్ చెదిరిందా? కంట్రోల్ ఆర్, మీ లైన్ మళ్ళీ శుభ్రంగా వస్తుంది. కన్సోల్ లైన్‌లో (స్విచ్‌కి నేరుగా కేబుల్ పెట్టే దారి), ఎస్‌ఎస్‌హెచ్ వచ్చే వీటీవై లైన్లలో లాగింగ్ సింక్రనస్ పెట్టేసుకుంటే ఆ గొడవే ఉండదు, నేనైతే ప్రతి స్విచ్‌లో ముందు అదే పెడతాను.

ఇప్పుడు నెమ్మదిగా చూడండి, ఇది ముఖ్యం. ఈ పోర్టు ట్రంక్, అంటే చాలా వీలాన్ల (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌ల) ట్రాఫిక్ మోసే లింక్. దీనికి స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 10,20 ఇచ్చాం. ఇప్పుడు 30 కూడా కావాలి. అప్ యారో, పాత కమాండ్ వచ్చింది. నంబర్లు చెరిపి 30 అని ఎంటర్ కొట్టారో, 10, 20 రెండూ పోతాయి, 30 ఒక్కటే మిగులుతుంది. ఎర్రర్ కూడా రాదు! మన ఎస్‌ఎస్‌హెచ్ వచ్చేది వీలాన్ 10 మీదే అయితే సెషన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇక కన్సోల్ కేబుల్ పట్టుకుని కాజా టోల్‌ప్లాజా దాటి వెళ్ళాల్సిందే.

అందుకని అప్ యారో, నంబర్లు పోయేదాకా కంట్రోల్ డబ్ల్యూ (కర్సర్‌కి ఎడమవైపు పదం చెరుపుతుంది), యాడ్ 30. యాడ్ అనే పదం ఉందో లేదో చూశాకే ఎంటర్. ఎండ్ కొట్టి షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్‌లో మూడూ ఉన్నాయో లేదో చూడండి.

దూరం స్విచ్ అయితే ఈ మార్పుకి ముందే రైట్ మెమరీతో కాన్ఫిగ్ సేవ్ చేసి, రీలోడ్ ఇన్ 10 కొట్టండి. లింక్ పోయినా పది నిమిషాలకి స్విచ్ రీబూటై పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే మాత్రం వెంటనే రీలోడ్ క్యాన్సిల్ కొట్టండి, ఆ తర్వాతే మళ్ళీ రైట్ మెమరీ.