తూము తీసేదెవరు? ఓపెన్ సోర్స్‌లో వారసత్వం లొల్లి

[తెర మీద: పొద్దుటి పూట చెరువు కట్ట, తూము]

అందరికీ నమస్తే. ఈ వీడియో సాఫ్ట్‌వేర్ గురించే. కానీ నర్సంపేట దిక్కు మా అమ్మమ్మ వాళ్ల ఊరి చెరువు కట్ట మీద మొదలుపెడుతున్నా.

ఈ చెరువుకు ఒక నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఏ కాలువకు ఎంతసేపు వదలాలి, యాసంగిలో నీళ్లు తక్కువైతే ముందు ఎవరి మడి తడవాలి, అన్నీ ఆయనే చూసేవాడు. కాగితం లేదు. వంతుల లెక్క మొత్తం ఆయన తలలోనే. ఆయన మంచాన పడ్డ ఏడాది చెరువు మత్తడి దూకింది, నీళ్లకు కొదవ లేదు. అయినా ఆయకట్టులో రోజూ కొట్లాటే. తూము తీయడం ఎవరికైనా వస్తుంది. నువ్వు తీస్తే మేమెందుకు ఒప్పుకోవాలి అన్నదే లొల్లి.

ఓపెన్ సోర్స్‌లో ఈ నీరటిని మెయింటెయినర్ అంటారు. కోడ్ ఎవరైనా చదవచ్చు, కాపీ చేసుకోవచ్చు, మార్చి పంపచ్చు. ఆ మార్పు అసలు ప్రాజెక్టులోకి వెళ్లాలా వద్దా అన్నది మాత్రం మెయింటెయినర్ చేతిలో ఉంటుంది. చాలా ప్రాజెక్టుల్లో ఈ పనికి జీతం ఉండదు. తిట్లు మాత్రం టైమ్‌కి వస్తాయి.

మొన్న హనుమకొండలో ఒక కాలేజీ వర్క్‌షాప్‌లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, లైనస్ టోర్వాల్డ్స్ తర్వాత లినక్స్‌ని ఎవరు చూసుకుంటారు?" లినక్స్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్, దాన్ని పుట్టించి నడిపిస్తున్నది లైనస్. దానికి చిన్న రిహార్సల్ ఇప్పటికే అయిపోయింది. 2018 సెప్టెంబర్‌లో లైనస్, తన మాటతీరు మార్చుకోవాలంటూ కొన్నాళ్లు సెలవు తీసుకున్నాడు. ఆయన బదులు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అనే ఇంకో లినక్స్ మెయింటెయినర్ 4.19 వెర్షన్‌ని బయటికి తెచ్చాడు. ఏదీ ఆగలేదు. ఎందుకంటే లినక్స్‌లో ఒక్కో భాగానికి వేరే మెయింటెయినర్లు ఉన్నారు. పెద్ద చెరువు, కానీ తూములు చాలా.

ఎంతమంది ఒక్కసారిగా దూరమైతే ప్రాజెక్టు ఆగిపోతుందో, ఆ అంకెను బస్ ఫ్యాక్టర్ అంటారు. ఎంతమందిని బస్సు గుద్దితే పని ఆగుతుంది అని లెక్క. మన ఆర్టీసీకి ఏ సంబంధం లేదు, కంగారు పడకండి. ఆ అంకె ఒకటి అయితేనే టెన్షన్.

[తెర మీద: పైథాన్ గుర్తు, పక్కన కోలన్, ఈక్వల్]

ఇప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. దాన్ని పుట్టించిన గైడో వాన్ రోసమ్‌కి అక్కడ ఒక బిరుదు ఉండేది, బినవలెంట్ డిక్టేటర్ ఫర్ లైఫ్ అని. అంటే బతికినంత కాలం మన మేలు కోరే నియంత. సరదాకి పెట్టిన పేరే, అధికారం మాత్రం నిజంది. ఎంత వాదన జరిగినా ఆఖరి మాట ఆయనదే.

పైథాన్‌లో మార్పు కోసం రాసే ప్రతిపాదనను పెప్ అంటారు. 2018లో పెప్ 572 వచ్చింది. ఒక లెక్క మధ్యలోనే దాని విలువకు పేరు పెట్టుకోవడానికి ఒక కొత్త గుర్తు కావాలని. కోలన్ పక్కన ఈక్వల్, అంతే. పక్కకు తిప్పి చూస్తే వాల్రస్ కళ్లు, కోరల్లా ఉంటుందని వాల్రస్ ఆపరేటర్ అన్నారు. ఈ రెండు అక్షరాల మీద నెలల తరబడి కొట్లాట! గైడో దాన్ని ఆమోదించాడు. 2018 జులై 12న, ఇక నిర్ణయాలు నా వల్ల కాదని తప్పుకున్నాడు. ఒక పెప్ కోసం ఇంత పోరాడి, ఇంతమందికి కంటగింపు కావడం మళ్లీ వద్దని రాశాడు. వారసుడి పేరు చెప్పలేదు. ఎలా నడుపుకుంటారో మీరే తేల్చుకోండి అన్నాడు.

నిజం చెప్తున్నా, అప్పుడు నాకది చేతులు దులుపుకున్నట్టు అనిపించింది. ఇప్పుడు అనిపించట్లేదు. ఒక పేరు చెప్పి ఉంటే, ఆ మనిషి తీసుకునే ప్రతి నిర్ణయానికీ "గైడో మనిషి కదా" అనే మాట వెంటపడేది. పేరు లేకపోవడంతో కోర్ డెవలపర్లు కూర్చుని రూల్స్ రాసుకోవాల్సి వచ్చింది. ఏడు ప్రతిపాదనలు తయారయ్యాయి. డిసెంబర్‌లో ఓటు పెడితే ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ పద్ధతి గెలిచింది. ఒకే కంపెనీ వాళ్లు ఇద్దరికి మించకూడదు. నచ్చకపోతే అవిశ్వాసం పెట్టే దారి కూడా ఉంది. 2019లో తొలి కౌన్సిల్‌కి గైడో కూడా ఎన్నికయ్యాడు, తర్వాతి ఎన్నికలో పోటీ నుంచి తప్పుకున్నాడు.

పాత మనిషి ఉండగానే కొత్త వాళ్లు కుదురుకోవడం ఓరుగల్లుకు తెలియని సంగతి కాదు. గణపతిదేవుడు బతికుండగానే రుద్రమ చేతికి పాలన ఇచ్చాడు. అయినా ఆమెకు అంబదేవుడి తిరుగుబాటు తప్పలేదనుకోండి, అది వేరే వీడియో.

గొడవ ఎంతకీ తేలకపోతే వేరు కుంపటే. దీన్నే ఫోర్క్ అంటారు. అన్నదమ్ములు వేరుపడితే ఐదెకరాలు చెరి రెండున్నర అవుతుంది. ఫోర్క్‌లో ఇద్దరికీ ఐదెకరాలూ వస్తాయి! చీలేది మనుషులు. పేరు ఒక్కరికే మిగులుతుంది. 2010లో ఒరాకిల్ కంపెనీ చేతికి, ఉత్తరాలు, లెక్కల షీట్లు చేసుకునే ఓపెన్ ఆఫీస్ వెళ్లాక, దాని మీద పనిచేసేవాళ్లు చాలామంది బయటికొచ్చి లిబ్రే ఆఫీస్ పెట్టుకున్నారు. పాత పేరు అప్పటికి ఒరాకిల్ దగ్గరే ఉండిపోయింది, పని చేసే చేతులు ఇటొచ్చాయి. ఇవాళ మన లినక్స్ డెస్క్‌టాప్‌లలో మామూలుగా కనపడేది లిబ్రే ఆఫీసే.

[తెర మీద: నల్లటి టెర్మినల్, మెరిసే కర్సర్]

కొట్లాట కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది నిశ్శబ్దంగా జరిగే అప్పగింత. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న టూల్, దాదాపు ప్రతి లినక్స్‌లో ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది లాసీ కొలిన్ ఒక్కడే. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో చిన్న చిన్న మార్పులు, పంపడం మొదలుపెట్టారు. 2022లో ఇంకొన్ని కొత్త పేర్లు వచ్చి, పని నెమ్మదిగా ఉంది, ఇంకొకరికి అప్పగించు అని లాసీని సతాయించడం మొదలుపెట్టాయి. తన మానసిక ఆరోగ్యం బాగా లేదని, ఇది జీతం లేని హాబీ అని ఆయన జవాబిచ్చాడు. సతాయింపు ఆగలేదు. చివరికి జియా టాన్ చేతికి హక్కులు వెళ్లాయి.

2024 ఫిబ్రవరి, మార్చిలలో వచ్చిన ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు ఉంది, అంటే చాటుగా సర్వర్‌లోకి దూరే దారి. మార్చి 29న ఆ సంగతి బయటపెట్టింది ఆండ్రెస్ ఫ్రాయిండ్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే దొరికింది. టెస్టింగ్ దశలో ఉన్న లినక్స్‌ల దాకా వెళ్లిపోయింది, మనం వాడే స్టేబుల్ వెర్షన్లకు పాకక ముందే ఆగింది. జియా టాన్ అసలు ఎవరో ఇప్పటికీ బయటపడలేదు.

ఇందులో లాసీని తప్పుబట్టేవాళ్లంటే నాకు చిరాకు. అలసిపోయిన మనిషి దగ్గరికి నెలల తరబడి ఓపిగ్గా పని చేసిపెట్టే చెయ్యి వస్తే, నేనైనా తాళాలు ఇచ్చేవాణ్నే.

తాళాలు అంటే గుర్తొచ్చింది. నాకూ ఒక చిన్న లైబ్రరీ ఉంది, పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లను యూనికోడ్‌లోకి మారుస్తుంది. దాని డొమైన్ రెన్యువల్ ఓటీపీ నేను ఎప్పుడో పడేసిన సిమ్‌కి వెళ్లేది. పది రోజులు వెబ్‌సైట్ లేదు. కోడ్ మొత్తం అందరి ముందే ఉంది, కానీ డొమైన్, ప్యాకేజీ అప్‌లోడ్ చేసే అకౌంట్, రిలీజ్ మీద సంతకం పెట్టే కీ, మూడూ నా ఒక్కడి దగ్గరే. నీరటి తాతకీ నాకూ తేడా ఏముంది?

ఆ తర్వాత కాజీపేట చెల్లెలు ఒకామెకు సగం హక్కులు ఇచ్చాను. మూడేళ్లుగా బగ్‌లు సరిచేసి పంపుతోంది, రెండుసార్లు ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్నాం కూడా. ఏ వెర్షన్ ఎప్పుడు, ఎవరు ఓకే అనాలి, ఇద్దరికీ కుదరకపోతే ఎవరిని అడగాలి, ఒక పేజీలో రాసి, కోడ్ ఉండే రిపోలోనే పెట్టాం. హక్కులు వచ్చాక ఆమె చేసిన మొదటి పని, నేను పంపిన ప్యాచ్‌ని తిప్పి కొట్టడం. "అన్నా, టెస్టులు రాయలేదు" అని ఒక్క లైను. సాయంత్రం దాకా ముఖం మాడ్చుకుని, రాత్రి కూర్చుని టెస్టులు రాశాను.

[తెర మీద: మళ్లీ చెరువు కట్ట. తూము దగ్గర ఇద్దరు మనుషులు]