ఇంటి లోనుకు ముందు ఇంట్లో లోన్లు

(అనంతపురంలో సొంత ఇంటి ప్రయత్నంలో ఉన్న ఉపాధ్యాయ దంపతుల ముందు ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. మీలో చాలామంది ధర్మవరం, తాడిపత్రి వైపు బడులకు రోజూ బస్సుల్లో తిరిగే టీచర్లు. అద్దె ఇల్లు మారడమంటే ఏమిటో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు.

నేను ఒక ప్రభుత్వ బ్యాంకులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఇళ్ల లోన్ల సీటులోనే. ఒక మధ్యాహ్నం భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరివీ జీతం స్లిప్పులు, ప్లాన్ అప్రూవల్ కాపీ, అన్నీ ప్లాస్టిక్ కవర్లో వరుసగా సర్దుకుని తెచ్చారు. ఇద్దరి సిబిల్ రిపోర్టులూ, అంటే ఎవరికి ఏ అప్పులున్నాయో, ఎలా కడుతున్నారో చూపే కాగితాలు, ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టాను. ఆమె తనవైపు తిప్పుకుని ఒక్కో లైను మీద వేలు పెట్టి చదువుతోంది. ఆయన రిపోర్టులో మూడో లైను దగ్గర వేలు ఆగిపోయింది. పర్సనల్ లోను, నాలుగు లక్షలు. "ఇదెప్పుడు తీసుకున్నావు?" అని మెల్లగా అడిగింది. "నాయన ఆపరేషన్‌కు" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. ప్లాన్ కాపీ మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఆయన చేసింది తప్పు పని కాదు. తండ్రికి వైద్యం చేయించాడు. కానీ ఆ సంగతి భార్యకు బ్యాంకులో, ఒక పరాయి మనిషి ముందు తెలియడం నాకు ఈరోజుకీ బాధగానే ఉంటుంది. అందుకే ఈరోజు వడ్డీ రేట్ల కంటే ముందు ఈ మాట చెబుతున్నాను. బ్యాంకు చూడకముందే ఒకరి అప్పులు ఒకరు చూడండి.

పెళ్లయితే ఇద్దరి సిబిల్ ఒకటైపోతుందని కొందరు అనుకుంటారు. అలా ఏమీ కాదు. రిపోర్టు పాన్ కార్డును బట్టి ఎవరిది వారికే ఉంటుంది. స్కోరు 300 నుంచి 900 దాకా, అదీ ఎవరిది వారిదే. చిక్కంతా ఇద్దరూ కలిసి అప్లికేషన్ పెట్టినప్పుడు వస్తుంది. జీతాలు కలిపినట్టే, ఇద్దరూ నెలనెలా కట్టే కంతులు (ఈఎంఐలు) కూడా బ్యాంకు కలుపుతుంది. ఇల్లు ఇద్దరి పేరు మీద రిజిస్టర్ చేయించుకోవాలంటే సాధారణంగా ఇద్దరూ లోనులో ఉండాల్సిందే అంటారు.

ఒక లెక్క చెబుతాను, ఫోనులో కాలిక్యులేటర్ తీయండి. ఇద్దరి జీతం కలిపి నెలకు లక్ష అనుకుందాం. కంతులన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదన్నది చాలా బ్యాంకులు వాడే లెక్క. అంటే 50 వేలు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే లక్షకు కంతు సుమారు 868 రూపాయలు. 50 వేల కంతుకు దాదాపు 57 లక్షల 50 వేలు లోను వస్తుంది. ఇప్పుడు భర్తకు పర్సనల్ లోను కంతు 11 వేలు, బండిది 4 వేలు, ఫోనుది 3 వేలు ఉన్నాయనుకోండి. మొత్తం 18 వేలు. మిగిలేది 32 వేలు. లోను దాదాపు 37 లక్షలకు పడిపోతుంది. ఆయన తీర్చాల్సిన అసలు మొత్తం ఐదు లక్షలు కూడా ఉండకపోవచ్చు. అది ఇరవై లక్షల లోనును తినేసింది.

ఆ ఫోను కంతునే తీసుకోండి. ఇంకా ఐదు నెలలు, 15 వేలు ఉందనుకుందాం. ఆ 15 వేలు ఇప్పుడే కట్టేస్తే మూడు లక్షల 40 వేల పైచిలుకు లోను అర్హత పెరుగుతుంది. కాబట్టి ఏది ముందు తీర్చాలి అంటే, బాకీ తక్కువగా ఉండి కంతు ఎక్కువగా ఉన్నది. దాంతోపాటే క్రెడిట్ కార్డు బాకీ. నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి నలభై శాతం అటూ ఇటూ. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదులైనా ఏడాదికి 24 శాతమే. అది రిపోర్టులో కనపడదు కదా అని పక్కన పెట్టకండి, రేపు ఇంటి కంతు కట్టాల్సింది ఆ జీతంలోంచే.

పంట లోను సంగతి వేరు. మన జిల్లాలో టీచరైనా ఊర్లో నాలుగెకరాలు, వేరుశనగ, దాని మీద పంట లోను ఉంటాయి. మూడు లక్షల లోపు పంట లోనుకు వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే రాయితీ పోను 4 శాతమే పడుతుంది. దాన్ని ఆదరాబాదరాగా తీర్చాల్సిన పనిలేదు. గడువు దాటనివ్వకుండా రెన్యువల్ చేయించుకుంటే చాలు. వాన రాక పంట పోయిన ఏడాది అది ఓవర్‌డ్యూలో పడి ఉంటే మాత్రం ముందు అదే సరిచేయండి.

బంగారం గురించి చెప్పకుండా ఉండలేను. భర్త అప్పు తీర్చడానికి భార్య నగలు తాకట్టు పెట్టడం మన దగ్గర చాలా మామూలు. గోల్డ్ లోను కూడా రిపోర్టులో ఎక్కుతుంది. ఆమె నగలు కుదువబెట్టి ఆయన బాకీ కడితే అప్పు తీరలేదు, ఆమె పేరు మీదికి మారింది, అంతే. అంతకంటే ఆరు నెలలు ఆగి, చీటీ పాడుకునో, అరియర్స్ వచ్చినప్పుడో తీర్చడం నయమని నా అభిప్రాయం.

ఇక సెటిల్మెంట్. ఇది మా ఇంట్లో జరిగింది. మా అమ్మాయి, అల్లుడు కర్నూలులో ఫ్లాట్ చూసుకున్నారు. పెళ్లికి ముందు ఆయనకు ఒక క్రెడిట్ కార్డు బాకీ ఉండేది, 80 వేలు. వసూలు చేసేవాళ్లు ఫోన్ చేసి, 35 వేలు కట్టండి, అయిపోతుంది అన్నారట. కట్టేశాడు. అయిపోయిందనే అనుకున్నాడు. రిపోర్టులో మాత్రం 'సెటిల్డ్' అని పడింది. దానికి అర్థం, ఇవ్వాల్సినంత ఇవ్వలేదని. బ్యాంకు ఒప్పుకోలేదు. అల్లుడు అత్త ముందు అప్పు మాట ఎత్తడం ఎంత కష్టమో మీకు తెలుసు. అయినా వచ్చి నా ఎదురుగా కూర్చుని, "అత్తయ్యా, ఒక పొరపాటు చేశాను" అన్నాడు. ఆ రోజు ఆ అబ్బాయి మీద నాకు గౌరవం పెరిగింది. మిగిలిన డబ్బు కట్టించి, బాకీ లేదని లెటర్ తీసుకుని, రిపోర్టులో 'క్లోజ్డ్' అని మారేసరికి నెలలు పట్టింది. ఈలోపు ఆ ఫ్లాట్ వేరేవాళ్లు తీసుకున్నారు. తగ్గిస్తామంటే సంతోషపడకండి. పూర్తిగా కట్టండి, 'క్లోజ్డ్' అనిపించుకోండి.

జామీను సంతకాలు కూడా గుర్తు చేసుకోండి. బావమరిది ట్రాక్టరుకో, స్నేహితుడి దుకాణానికో పెట్టిన సంతకం మీ రిపోర్టులోనే కనిపిస్తుంది. వాళ్లు కంతు ఆపితే దెబ్బ మీకూ తగులుతుంది.

చేతిలో ఉన్నదంతా అప్పులకే పోసేయకండి. లోను 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అయితే ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తారు. 45 లక్షల ఇంటికి 9 లక్షలు మీ చేతి నుంచి పెట్టాలి, రిజిస్ట్రేషన్ ఖర్చులు మళ్లీ వేరే. ఒకరి జీతమే సరిపోతే, ఇల్లు ఆ ఒక్కరి పేరు మీద ఉన్నా మీకు సమ్మతమైతే, స్కోరు బాగున్నవాళ్లు ఒక్కరే అప్లై చేయడమూ ఒక దారే. అది మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి.

అప్పు తీర్చిన రోజే అప్లై చేయకండి. బాకీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకోండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సిబిల్ లాంటి సంస్థలకు వివరాలు పంపాలి కాబట్టి నెల తర్వాత రిపోర్టు మళ్లీ చూడండి. తప్పుంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు. ఆ నెలలో కొత్త ఫ్రిజ్జో ఫోనో కంతుల మీద తేవద్దు.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఇలాంటి రిపోర్టులిచ్చే ఈ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తీయండి. భర్తకు తెలియని లోను భార్య పేరు మీద ఉండొచ్చు, డ్వాక్రా గ్రూపులోనో, పుట్టింటి అవసరానికో. అడిగేవాళ్లు కోపంగా అడగకండి. చెప్పేవాళ్లు సగం చెప్పి ఆపకండి.

వచ్చే ఆదివారం కూడా ఇదే హాల్లో సాయంత్రం ఆరు దాకా ఉంటాను. రిపోర్టులు తీసుకుని రండి, ఏది ముందు తీర్చాలో లెక్క వేసిస్తాను. ఇద్దరూ కలిసే రండి.