విలియమ్స్ రేసింగ్ జట్టు: గతమూ, రానున్న కాలమూ

శ్రోతలకు నమస్కారం.

మోటారు పందేలు చూసేవారి దృష్టి ఎక్కువగా డ్రైవరు మీదే నిలుస్తుంది. స్టీరింగు పట్టేవాడూ, ప్రాణాన్ని పణంగా పెట్టేవాడూ అతడే కాబట్టి అది సహజమే. అయితే ఇంగ్లండుకు చెందిన విలియమ్స్ ఫార్ములా వన్ జట్టు చరిత్రను కొంచెం లోతుగా పరిశీలిస్తే, దాని ఉత్థానానికీ పతనానికీ కారణాలు పందెపు బాట మీద కంటే కార్ఖానాలోనే ఎక్కువగా కనిపిస్తాయి. ఫార్ములా వన్‌లో ఏటా రెండు చాంపియన్‌షిప్‌లు ఉంటాయి. ఒకటి డ్రైవరుకు, మరొకటి కారును నిర్మించిన జట్టుకు. జట్ల చాంపియన్‌షిప్‌ను విలియమ్స్ 9 సార్లు గెలుచుకుంది, దాని కార్లు నడిపినవారు 7 సార్లు ప్రపంచ విజేతలయ్యారు. మొత్తం 114 పందేల్లో ఆ జట్టు కారు మొదటి స్థానంలో నిలిచింది. ఆ 114లో చివరిది 2012 నాటిది. అంత ఎత్తుకు ఎదిగిన జట్టు అన్నేళ్లు గెలుపు లేకుండా ఎందుకు మిగిలిపోయిందన్నదే ఈ ప్రసంగంలో ప్రధానంగా చెప్పదలచుకున్న విషయం.

స్థాపకుడు ఫ్రాంక్ విలియమ్స్ ధనిక కుటుంబంలో పుట్టినవాడు కాడు. 1969లో ఒక బ్రాభమ్ కారు కొని, తన మిత్రుడు పియర్స్ కరేజ్‌ను డ్రైవరుగా పెట్టుకుని ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. ఆ ఏడాదే కరేజ్ మొనాకోలోనూ, అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లోనూ రెండో స్థానం సాధించాడు. కానీ మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో జరిగిన ప్రమాదంలో కరేజ్ మరణించాడు. ఆ తరువాతి కొన్నేళ్లు ఫ్రాంక్‌కు అప్పుల కాలం. బిల్లు కట్టలేక టెలిఫోను కనెక్షన్ పోతే వీధిలోని పబ్లిక్ ఫోను నుంచి వ్యాపారం నడిపేవాడని చెప్పుకుంటారు. చివరికి జట్టులో అధిక భాగం వాల్టర్ వోల్ఫ్ అనే వ్యాపారి చేతికి వెళ్లిపోయింది, సొంత జట్టులోనే ఫ్రాంక్‌కు అధికారం లేకుండా పోయింది.

అతడు అక్కడి నుంచి బయటికి వచ్చి, ప్యాట్రిక్ హెడ్ అనే ఇంజనీరుతో కలిసి 1977లో కొత్త సంస్థను స్థాపించాడు. ఇప్పటి విలియమ్స్ జట్టు అసలు పుట్టుక అదే. డిడ్‌కాట్ పట్టణంలో ఒకప్పుడు తివాచీలు నిల్వచేసిన గోదాము వారి మొదటి కార్ఖానా. డబ్బు తెచ్చే బాధ్యత ఫ్రాంక్‌ది, కారు బాధ్యత హెడ్‌ది. ఒకరి పనిలో మరొకరు వేలు పెట్టకుండా దశాబ్దాలపాటు సాగిన ఈ పని విభజనే ఆ జట్టుకు అన్నిటికంటే పెద్ద ఆస్తి అని నా అభిప్రాయం.

1979లో హెడ్ రూపొందించిన ఎఫ్‌డబ్ల్యూ07 కారు ఆ ఆస్తి విలువను చూపించింది. కారు అడుగుభాగాన్ని తలకిందులు చేసిన విమానం రెక్క ఆకారంలో మలచి, పక్కల నుంచి గాలి చొరబడకుండా అంచులను మూసివేస్తే, కింద పీడనం తగ్గి కారు నేలకు అతుక్కుంటుంది. మలుపులలో ఆ పట్టు ఎంత ఉంటే వేగం అంత. ఇంజను కింది భాగంలో గాలి లీకవుతున్న ఒక చోటును సరిచేయగానే కారు తీరే మారిపోయింది. ఆ ఏడాది సిల్వర్‌స్టోన్‌లో జరిగిన బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో అందరికంటే ముందున్న అలన్ జోన్స్ ఇంజను వేడెక్కి ఆగిపోగా, సహచరుడు క్లే రెగజోని జట్టుకు మొదటి విజయం తెచ్చిపెట్టాడు. జట్టుకు సౌదీ అరేబియా వారి ఆర్థిక సహాయం ఉన్నందువల్ల ఆనవాయితీగా వచ్చే షాంపేన్‌ను అతడు ముట్టలేదు. 1980లో జోన్స్ ప్రపంచ విజేత అయ్యాడు, 1982లో కేకే రోస్‌బర్గ్ ఏడాది మొత్తంలో ఒక్క పందెమే గెలిచి కూడా చాంపియన్‌షిప్ అందుకున్నాడు.

1986 మార్చిలో దక్షిణ ఫ్రాన్సులో జరిగిన కారు ప్రమాదంలో ఫ్రాంక్ వెన్నెముక దెబ్బతిని, జీవితాంతం చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. యజమాని ఆసుపత్రిలో ఉన్న ఆ ఏడాదే జట్టు జట్ల చాంపియన్‌షిప్ గెలిచింది, మరుసటి ఏడాది రెండు చాంపియన్‌షిప్‌లూ గెలిచింది. అయితే ఆ విజయాలకు శక్తినిచ్చిన హోండా సంస్థ, ఒప్పందంలో ఇంకా ఏడాది మిగిలి ఉండగానే, 1987 చివర విలియమ్స్‌ను వదిలి ప్రత్యర్థి జట్టు మెక్లారెన్ వైపు వెళ్లిపోయింది. 1988లో విలియమ్స్ ఒక్క పందెమూ గెలవలేదు. ఎంత చక్కటి కారు కట్టినా ఇంజను ఇచ్చే భాగస్వామి లేకపోతే ఏమవుతుందో ఆ జట్టుకు అప్పుడే తెలిసింది. అయినా ఆ సమస్యకు శాశ్వత పరిష్కారం మాత్రం దానికి ఎప్పుడూ దొరకలేదు.

1989 నుంచి రెనో ఇంజన్లు, ఆ తరువాత ఏరోడైనమిక్స్ నిపుణుడు ఏడ్రియన్ న్యూయీ రాక జట్టును శిఖరానికి చేర్చాయి. 1992 నాటి ఎఫ్‌డబ్ల్యూ14బి గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు కిందికి వాలుతుంది, వేగం పెంచినప్పుడు పైకి లేస్తుంది. ఆ కదలికతో అడుగున గాలి ప్రవాహం చెదిరి, పట్టు తగ్గుతుంది. కంప్యూటరు ఆజ్ఞలతో, ద్రవపీడనంతో పనిచేసే సస్పెన్షన్‌ను అమర్చి, నేల నుంచి కారు ఎత్తు ఎప్పుడూ తగినంతే ఉండేలా విలియమ్స్ ఇంజనీర్లు ఈ చిక్కును విప్పారు. ఆ కారుతో నైజెల్ మాన్సెల్ 16 పందేల్లో 9 గెలిచాడు, వాటిలో సీజనులోని మొదటి 5 వరుసగా గెలిచినవే. 1993లో అలెన్ ప్రోస్ట్ విజేత కాగా, 1994కల్లా ఆ పరికరాన్ని నియమావళి నిషేధించింది. అదే ఏడాది మే 1న ఇమోలాలో అయర్టన్ సెన్నా విలియమ్స్ కారులోనే ప్రాణాలు కోల్పోయాడు. ఆ విషాదాన్ని మోస్తూనే జట్టు 1996లో డేమన్ హిల్‌తో, 1997లో జాక్ విల్‌న్యూవ్‌తో మళ్లీ విజేతగా నిలిచింది.

పతనం బీజాలు కూడా సరిగ్గా అప్పుడే పడ్డాయి. ముఖ్య నిర్ణయాల్లో తనకూ మాట ఉండాలన్న కోరిక నెరవేరక న్యూయీ మెక్లారెన్‌కు వెళ్లాడు, 1997 తరువాత రెనో తప్పుకుంది. 2000లో బీఎండబ్ల్యూ వచ్చి కొన్ని గొప్ప విజయాలు ఇచ్చింది కానీ, జట్టును పూర్తిగా తన చేతిలోకి తీసుకోవాలన్న దాని కోరికకు ఫ్రాంక్ అంగీకరించలేదు. దాంతో ఆ సంస్థ సౌబర్ జట్టును కొనుక్కుని వెళ్లిపోయింది. ఒకసారి జట్టు చేజారిన మనిషి రెండోసారి దాన్ని వదులుకోకపోవడాన్ని తప్పు పట్టలేము. కాకపోతే ఆ స్వాతంత్ర్యానికి చెల్లించిన మూల్యం చాలా పెద్దది. వాహన సంస్థల అండ ఉన్న జట్లు కోట్లకు కోట్లు గుమ్మరిస్తున్న కాలంలో, విలియమ్స్ ప్రకటనదారుల సొమ్ము మీదే బతకవలసి వచ్చింది. 2012లో బార్సిలోనాలో పాస్టర్ మాల్డొనాడో సాధించిన గెలుపు మెరుపులా వచ్చి పోయింది. 2014, 2015 సంవత్సరాల్లో మెర్సిడెస్ ఇంజను బలంతో మూడో స్థానం దక్కినా, కార్ఖానా లోపలి లోపాలను ఆ ఇంజనే కప్పిపుచ్చిందని తరువాత తేలింది. 2019లో సీజనుకు ముందు జరిగే పరీక్షలకు కారును సమయానికి సిద్ధం చేయలేకపోయింది, 2020లో ఒక్క పాయింటు కూడా రాలేదు. ఆ ఏడాదే విలియమ్స్ కుటుంబం జట్టును డోరిల్టన్ క్యాపిటల్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థకు అమ్మివేసింది. 2021 నవంబరులో ఫ్రాంక్ కన్నుమూశాడు.

2023లో మెర్సిడెస్ నుంచి వచ్చి జట్టు పగ్గాలు చేపట్టిన జేమ్స్ వౌల్స్‌కు కార్ఖానాలో కనిపించిన దృశ్యం నేటికీ నమ్మశక్యంగా ఉండదు. కారుకు కావలసిన సుమారు 20,000 భాగాల జాబితా అంతా ఒక ఎక్సెల్ పట్టికలో ఉండేది. ఏ భాగం ఎక్కడ తయారవుతోంది, ఎప్పటికి చేతికొస్తుంది, ఎంత ఖర్చయింది అన్న ప్రశ్నలకు ఆ పట్టిక జవాబు చెప్పలేదు. పాత పద్ధతిని మార్చే ప్రయత్నంలో ఆలస్యాలు తప్పలేదు. 2024లో మెల్‌బోర్న్‌కు అదనపు ఛాసిస్ (కారు ప్రధాన చట్రం) లేకుండానే వెళ్లారు. ప్రాక్టీసులో అలెక్స్ ఆల్బన్ కారు దెబ్బతినడంతో, ఏ తప్పూ చేయని సహచరుడు లోగన్ సార్జంట్ తన కారును అతనికి ఇచ్చి ఖాళీగా కూర్చున్నాడు.

2025లో కార్లోస్ సైన్స్ జట్టులో చేరాక పరిస్థితి బాగుపడింది. అతడు బాకూలోనూ, ఖతార్‌లోనూ మూడో స్థానాలు సాధించగా, 137 పాయింట్లతో జట్టు 5వ స్థానంలో నిలిచింది. అంతకంటే విశేషం, కొత్త నియమాల కోసం ఆ ఏడాది కారు అభివృద్ధిని ముందే ఆపివేసి కూడా ఇంత సాధించడం.

2026 నుంచి అమలయ్యే ఆ నియమాల ప్రకారం కారు శక్తిలో దాదాపు సగం విద్యుత్తు నుంచి వస్తుంది, రెక్కలు పరుగులో ఉండగానే తమ కోణాన్ని మార్చుకుంటాయి. విలియమ్స్‌కు మెర్సిడెస్ ఇంజనే కొనసాగుతుంది, కానీ అదే ఇంజను మెక్లారెన్‌కూ, ఆల్పీన్‌కూ కూడా అందుతుంది కాబట్టి ఇంజను వల్ల ప్రత్యేకమైన ఆధిక్యం రాదు. ఖర్చుకు పరిమితి ఉన్నందున ధనిక జట్లు మునుపటిలా దూసుకుపోలేవు, అది మాత్రం మేలు చేసే అంశం. అయితే 2026 జనవరిలో బార్సిలోనాలో జరిగిన తొలి సామూహిక పరీక్షకు విలియమ్స్ తన కారును తీసుకురాలేకపోయింది. యజమానులు మారారు, డబ్బు వచ్చింది, మంచి డ్రైవర్లూ ఉన్నారు. వేల భాగాలను అనుకున్న తేదీకి తయారుచేసి ఒక్కటిగా బిగించగల క్రమశిక్షణ ఇంగ్లండులోని గ్రోవ్‌లో ఉన్న జట్టు ఇప్పటి కార్ఖానాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. అది పట్టుబడేదాకా 115వ విజయం గురించి ఆశ పెట్టుకోవచ్చు గానీ, తేదీ చెప్పడం తొందరపాటే అవుతుంది.

నమస్కారం.