టార్, జీజిప్, ఎక్స్‌జెడ్, జెడ్‌స్టాండర్డ్: తెలుగు ఫైళ్లను దాచుకునేవారి కోసం ఒక సమీక్ష

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. టార్ అనే కమాండ్ లైన్ సాధనాన్ని, అంటే ఆదేశాలను టైపు చేసి నడిపే సాధనాన్ని, దానికి తోడుగా పనిచేసే జీజిప్, ఎక్స్‌జెడ్, జెడ్‌స్టాండర్డ్ అనే మూడు కుదింపు సాధనాలను ఈ వీడియోలో పరిశీలిద్దాం. తప్పెటగుళ్ళు, జముకుల కథ వంటి మన ఉత్తరాంధ్ర కళారూపాలను ఊరూరా తిరిగి రికార్డు చేస్తూ, పాటలను టైపు చేసి కంప్యూటర్లో భద్రపరుస్తున్నవారు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ప్రధానంగా వారిని దృష్టిలో పెట్టుకునే ఈ సమీక్షను సిద్ధం చేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి తీరంలో ఉన్నవాళ్లం కనుక, మన దగ్గరున్న సామగ్రికి మరో ఊళ్లో ఒక నకలు తప్పనిసరిగా ఉండాలి. ఆ నకలును పంపడానికి వీలుగా తయారు చేయడమే ఇవాళ్టి పని.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఫైళ్లను ఒకచోట చేర్చడం వేరు, వాటిని కుదించడం వేరు. జిప్ వాడి అలవాటైనవారికి ఈ రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి, ఎందుకంటే జిప్ రెండింటినీ కలిపే చేస్తుంది. టార్ మాత్రం మూట కడుతుందే గానీ, తనంతట తానుగా ఒక్క బైటు కూడా తగ్గించదు. 1979లో వెలువడిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌తో ఇది జనంలోకి వచ్చింది. అయస్కాంత టేపుల మీద ఫైళ్లను వరసగా రాసిపెట్టడం కోసం పుట్టింది కాబట్టి, దీని నిర్మాణం ఇప్పటికీ టేపు పద్ధతిలోనే ఉంటుంది. ప్రతి ఫైలుకు ముందు 512 బైట్ల శీర్షిక వస్తుంది, అందులో ఫైలు పేరు, పరిమాణం, తేదీ, అనుమతులు ఉంటాయి, ఆ వెంటనే ఫైలులోని సమాచారం వస్తుంది, తర్వాత మరో శీర్షిక మొదలవుతుంది. ఇంత సరళంగా ఉండడం వల్లనే నలభై ఏళ్లు దాటినా ఏ యంత్రం మీదనైనా దీన్ని తెరవగలుగుతున్నాం. విండోస్ 10లో కూడా 2018 నుంచి టార్ అమర్చే వస్తోంది, విడిగా ఏమీ దించుకోనక్కరలేదు.

ఇప్పుడు తెర మీద చూడండి. తప్పెటగుళ్ళు అనే పేరుతో ఒక ఫోల్డరు ఉంది. అందులో పాటల టెక్స్టు ఫైళ్లు, ఫొటోలు, ధ్వని రికార్డింగులు ఉన్నాయి. టార్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి, సి, ఎఫ్ అనే చిన్న అక్షరాలు వరసగా కొడుతున్నాను. సి అంటే కొత్త ఆర్కైవ్, అంటే మూట ఫైలు, తయారు చేయమని, ఎఫ్ అంటే ఆ తర్వాత వచ్చే మాటే ఆర్కైవ్ పేరని. ఆ పేరు రాసి, మళ్లీ ఖాళీ వదిలి, చివర్లో ఫోల్డరు పేరు ఇస్తున్నాను. జీజిప్‌తో కుదించాలంటే ఎఫ్‌కు ముందు జెడ్ చేరుస్తాం. ఈ వరస చాలా ముఖ్యం. హైఫన్ తర్వాత సి, ఎఫ్, జెడ్ అని ఎఫ్‌ను మధ్యలో పెడితే, జెడ్ అన్నదే ఆర్కైవ్ పేరని టార్ అనుకుంటుంది. ఎఫ్ అన్నది ఎప్పుడూ చివరి అక్షరంగా ఉండాలని గుర్తుంచుకోండి.

దీనికంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. ఎఫ్ తర్వాత ఆర్కైవ్ పేరు రాయకుండా నేరుగా నక్షత్రం గుర్తు పెట్టి, ఈ ఫోల్డరులోని టెక్స్టు ఫైళ్లన్నీ అని చెప్పామనుకోండి. మనం టైపు చేసిన ఆదేశాలను చదివి నడిపే షెల్ అనే ప్రోగ్రాము ఆ నక్షత్రాన్ని ఫైళ్ల పేర్ల జాబితాగా విడదీస్తుంది, ఆ జాబితాలోని మొదటి ఫైలునే టార్ ఆర్కైవ్‌గా భావించి, దానిలో ఉన్నదంతా చెరిపి, మిగిలిన ఫైళ్లను అందులోకి రాసేస్తుంది. ఏ హెచ్చరికా ఇవ్వదు, నిర్ధారణా అడగదు. ఒక సాధనంగా టార్ మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే. అందువల్ల లోపలికి వెళ్లి నక్షత్రంతో పని చేయించడం మాని, ఒక మెట్టు పైన నిలబడి మొత్తం ఫోల్డరు పేరు ఇవ్వడమే క్షేమం. అలా చేస్తే, విప్పేటప్పుడు కూడా ఫైళ్లన్నీ ఒకే ఫోల్డరులోకి వస్తాయి గానీ, అవతలివారి డెస్క్‌టాప్ అంతా చెల్లాచెదురుగా పడవు.

ఇక కుదింపు సంగతికి వద్దాం. తెలుగు టెక్స్టు విషయంలో ఇది మనకు బాగా కలిసొస్తుంది, ఎందుకో దగ్గరగా చూద్దాం. యూనికోడ్‌లో తెలుగు సంకేతాలు ఒక్కొక్కటీ, వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటాయి. విజయనగరం అన్న మాటను హెక్స్ రూపంలో, అంటే ఒక్కో బైటును రెండు గుర్తులతో చూపే పద్ధతిలో, తెర మీద పెట్టాను. వ, గుడి, జ, య, న, గ, ర, సున్న అని మొత్తం 8 సంకేతాలు, 24 బైట్లు. వాటిలో ప్రతి సంకేతమూ ఈ0, బీ0 అనే ఒకే జంటతో మొదలవుతోంది, మూడో బైటు మాత్రమే మారుతోంది. అంటే 24 బైట్లలో 16 బైట్లు మళ్లీ మళ్లీ వస్తున్న ఆ జంటే. ఇంత పునరుక్తి ఉన్న సమాచారాన్ని కుదింపు సాధనాలు చాలా తేలికగా పిండేస్తాయి. సాధారణ తెలుగు టెక్స్టు పెద్ద ఫైలుగా ఉంటే జీజిప్‌తోనే నాలుగోవంతుకు, అంతకంటే కిందికి కూడా దిగిపోతుంది.

జీజిప్‌ను 1992లో జాన్-లూ గాయీ, మార్క్ ఆడ్లర్ రూపొందించారు. ఇది వెనక్కి 32 కిలోబైట్ల దూరం వరకు మాత్రమే చూసి, ముందే వచ్చిన భాగాలను వెతుకుతుంది. ఒక పాటలోని పల్లవి ఆ దూరంలోనే మళ్లీ వస్తే పట్టుకుంటుంది గానీ, మరో ఫైలులో చాలా దూరాన అదే పాట ఉంటే గుర్తించలేదు. ఒకే పాటకు ఊరికో పాఠం చొప్పున టైపు చేసి పెట్టుకున్నవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది. 2009లో వచ్చిన ఎక్స్‌జెడ్ చాలా దూరం వెనక్కి చూస్తుంది కాబట్టి, అలాంటి ఫోల్డర్లను జీజిప్ కంటే ఎక్కువగా కుదిస్తుంది. అయితే అందుకు సమయమూ, మెమరీ బాగా ఖర్చవుతాయి. ఎంత గట్టిగా కుదించాలో చెప్పే స్థాయిల్లో దాని 9వ స్థాయికి కుదించేటప్పుడు దాదాపు 674 ఎంబీ మెమరీ కావాలి. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద బ్రౌజరు కూడా తెరిచి ఉంచి ఆ స్థాయి ఎంచుకుంటే యంత్రం సతాయిస్తుంది. బీజిప్2 అనేది కూడా ఉంది, కానీ ఈ రోజున కొత్తగా దాన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

నా ఓటు జెడ్‌స్టాండర్డ్‌కే. యాన్ కొలే ఫేస్‌బుక్‌లో ఉన్నప్పుడు రాసిన ఈ సాధనం 2016లో విడుదలైంది. మామూలుగా 3వ స్థాయిలో పనిచేస్తుంది, కావాలంటే 19 వరకు పెంచుకోవచ్చు. కుదించడంలో జీజిప్ కంటే చాలా వేగంగా ఉంటుంది, విప్పడంలో అయితే ఎక్స్‌జెడ్ దీని దరిదాపులకు కూడా రాదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఆర్కైవ్ త్వరగా పూర్తి కావడం చిన్న విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. లినక్స్‌లో మామూలుగా ఉండే టార్ అయిన కొత్త గ్నూ టార్‌లో రెండు హైఫన్లు పెట్టి జెడ్, ఎస్, టి, డి అని రాస్తే చాలు. విప్పేటప్పుడు ఆ మాట కూడా అవసరం లేదు, హైఫన్, ఎక్స్, ఎఫ్ అంటే ఏ సాధనంతో కుదించారో టార్ తనే కనిపెడుతుంది. పాత సర్వరుకు పంపుతున్నట్లయితే మాత్రం జీజిప్ వాడండి, అది లేని చోటంటూ దాదాపుగా లేదు.

ఎక్స్‌జెడ్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 2024 మార్చిలో దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి చొప్పించినట్టు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు బయటపెట్టారు. సర్వరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, దాన్ని పట్టుదలగా వెంబడించడం వల్ల అది బయటపడింది. తర్వాతి వెర్షన్లలో దాన్ని తొలగించారు కనుక ఇప్పుడు ఎక్స్‌జెడ్ వాడడానికి భయపడనక్కరలేదు, మీ దగ్గరున్న వెర్షన్ సంఖ్య ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ఫొటోలు, ధ్వని ఫైళ్ల విషయంలో ఆశ పెట్టుకోకండి. జేపెగ్ ఫొటోలు, ఎంపీ3 పాటలు, ఎంపీ4 వీడియోలు ముందే కుదించి ఉంటాయి, వాటిని 19వ స్థాయిలో గంటసేపు నలిపినా చెప్పుకోదగ్గ లాభం ఉండదు. వాటికి ఉత్త టార్ చాలు. వేవ్ రూపంలో ఉన్న అసలు రికార్డింగులకు కూడా ఈ సాధనాలు సరిపడవు, నాణ్యత కొంచెం కూడా పోకుండా కుదించే ఫ్లాక్‌లోకి ముందు మార్చుకుని, ఆ తర్వాత మూట కట్టండి.

తెలుగు పేర్లున్న ఫైళ్ల గురించి ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. టార్ శీర్షికలో ఫైలు పేరుకు కేటాయించిన చోటు 100 బైట్లు. ఇంగ్లీషు పేర్లకు అది ధారాళంగా సరిపోతుంది. కానీ తప్పెటగుళ్ళు అన్న మాట మన కంటికి ఐదు అక్షరాలే అయినా, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకు వచ్చి 12 సంకేతాలు, అంటే 36 బైట్లు అవుతుంది. దాని పక్కన ఊరి పేరు, పాట పేరు చేర్చామంటే 100 బైట్లు ఇట్టే దాటిపోతాయి. 2001లో ప్రమాణంగా వచ్చిన పాక్స్ రూపం ఈ సమస్యను తీర్చింది, అది పొడవైన పేర్లను భద్రపరచడమే కాక, అవి యూటీఎఫ్-8లో ఉన్నాయని స్పష్టంగా నమోదు చేస్తుంది. గ్నూ టార్ మామూలుగా తన సొంత పద్ధతిలో రాస్తుంది, లినక్స్ నుంచి లినక్స్‌కు అది బాగానే నడుస్తుంది గానీ, విండోస్‌లో విప్పినప్పుడు తెలుగు పేర్లు పిచ్చిగీతలుగా మారే అవకాశం ఉంది. అందుకే రెండు హైఫన్ల తర్వాత ఫార్మాట్ అని, సమానం గుర్తు పెట్టి, పాక్స్ అని రాయడం తెలుగువారందరూ అలవాటు చేసుకోవాలని కోరుతున్నాను.

లోపాలు కూడా చెప్పాలి. టార్‌లో విషయసూచిక ఉండదు, కాబట్టి పెద్ద ఆర్కైవ్ నుంచి ఒక్క పాట కావాలన్నా మొదటి నుంచి చదువుకుంటూ పోవాలి. తాళం వేసే సౌకర్యం లేదు. పైగా శీర్షికకు తప్ప లోపలి సమాచారానికి, అది చెడిపోతే పట్టించే సరిచూపు సంఖ్య ఉండదు కనుక, కుదించని టార్‌లో ఒక బైటు చెడిపోయినా అది తెలుసుకోలేదు. జీజిప్, ఎక్స్‌జెడ్, జెడ్‌స్టాండర్డ్ మూడూ తమ సరిచూపు సంఖ్యను తామే చేరుస్తాయి, టార్‌తో పాటు కుదింపును కూడా వాడమనడానికి ఇదొక మంచి కారణం. జీజిప్‌ను విడిగా ఒక ఫైలు మీద నడిపితే మాత్రం అసలు ఫైలును తీసేసి కుదించినదాన్నే మిగులుస్తుంది, అసలుది ఉండాలంటే హైఫన్, కె చేర్చండి.

ఆర్కైవ్ తయారయ్యాక లినక్స్‌లో హైఫన్, డి, ఎఫ్ అని ఇచ్చి, దాన్ని అసలు ఫోల్డరుతో పోల్చి చూడమని టార్‌కే చెప్పవచ్చు. తేడాలుంటే ఫైలు పేరుతో సహా చూపిస్తుంది, ఏమీ చూపకుండా ప్రాంప్ట్, అంటే తర్వాతి ఆదేశం కోసం ఎదురుచూసే గుర్తు, తిరిగి వచ్చిందంటే ఆర్కైవ్‌లోని ఫైళ్లన్నీ ఫోల్డరులోని వాటితో సరిపోయాయన్నమాట. ఆ తర్వాత ఎస్‌హెచ్‌ఏ256సమ్ అనే కమాండుతో ఆర్కైవ్‌కు ఒక సంఖ్య తీసి, దాన్ని విడిగా ఒక సందేశంలో అవతలివారికి పంపండి. అందుకున్నవారు తమ యంత్రం మీద అదే కమాండు నడిపి, రెండు సంఖ్యలూ ఒకటేనని చెప్పేంత వరకు ఇక్కడి ఫోల్డరును తొలగించకండి.