ఔషధ మొక్కల రేపటి చిరునామా

శ్రోతలకు నమస్కారం.

జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ 1802లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలను ఎక్కుతూ, ఏ మొక్క ఎంత ఎత్తున పెరుగుతోందో శ్రద్ధగా రాసుకొన్నారు. 1807లో ఆ వివరాలన్నిటినీ చింబోరాజో పర్వతాన్ని మధ్యలో నిలిపిన ఒక పెద్ద చిత్రపటంగా ప్రచురించారు. రెండు శతాబ్దాల తరువాత పరిశోధకులు అదే పర్వతం మీదికి వెళ్లి చూసి, వాతావరణం వేడెక్కడంతో మొక్కలు సగటున 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని 2015లో ప్రకటించారు. అయితే 2019లో మరొక బృందం హంబోల్ట్ సేకరించిన పాత వివరాలను తిరగేసి, పటంలో చూపిన ఎత్తైన ప్రాంతపు మొక్కల్లో చాలావరకు అంటిసానా అనే వేరొక పర్వతం మీద సేకరించినవని గుర్తించింది. అక్కడ మళ్లీ కొలిస్తే, మొక్కల పై హద్దు జరిగిన దూరం 215 నుంచి 266 మీటర్ల మధ్య తేలింది. మొక్కలు కదిలిన మాట నిజమే కాని, ఎంత దూరం కదిలాయన్నది పాత నమోదుల నాణ్యత మీద ఆధారపడి ఉందన్నమాట. ఔషధ మొక్కల రేపటి ఆవాసాలను ఊహించే పనికి కూడా ఈ చిక్కు వర్తిస్తుంది.

ఆ ఊహ ఎలా సాగుతుందో చెబుతాను. ఒక మొక్క ఇప్పటివరకు కనిపించిన చోట్లను అక్షాంశ రేఖాంశాలతో సహా సేకరిస్తారు. ఎండబెట్టి భద్రపరిచిన మొక్కలుండే హెర్బేరియంలు, క్షేత్ర పరిశీలనలు, అంతర్జాతీయ సమాచార నిధులు ఇందుకు ఆధారం. ఆ చోట్లలో సగటు ఉష్ణోగ్రత ఎంత, అత్యంత చల్లని నెలలో చలి ఏపాటిది, వాన ఏ కాలంలో ఎంత కురుస్తుంది వంటి వివరాలను వాటికి జోడిస్తారు. ఇలాంటి లెక్కల్లో తరచుగా వాడే వాతావరణ సూచికలు 19 ఉన్నాయి. ఆ మొక్కకు ఏ పరిస్థితులు నప్పుతున్నాయో కంప్యూటర్ నమూనా లెక్కగట్టి, రేపటి వాతావరణంలో అవే పరిస్థితులు ఎక్కడ ఏర్పడవచ్చో పటం మీద రంగులతో చూపుతుంది. 2006లో వెలువడిన మ్యాక్సెంట్ అనే పద్ధతికి ఈ రంగంలో విస్తృత ఆదరణ లభించింది. మొక్క కనిపించిన చోట్ల జాబితా ఉంటే దానికి చాలు, కనిపించని చోట్ల జాబితా అక్కరలేదు. ఒకచోట మొక్క లేదని రూఢిగా చెప్పడం ఎంత కష్టమో అడవుల్లో తిరిగిన వారికి తెలుసు.

కాని సేకరించేవారు సహజంగా దారుల పక్కనే ఎక్కువగా వెతుకుతారు. దాన్ని సరిదిద్దకపోతే, మొక్కకు దారులంటేనే ఇష్టమని నమూనా నమ్ముతుంది! పైగా రేపటి వాతావరణం ఒక్కటి కాదు. భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలు తగ్గితే ఒక తీరుగా, పెరిగితే మరొక తీరుగా ఉంటుంది కనుక, ఒకే మొక్కకు అనేక పటాలు గీయవలసి వస్తుంది. అన్ని పటాల్లోనూ అనుకూలంగా కనిపించిన చోటును నమ్మడం, ఒక్కదానిలోనే కనిపించిన చోటును అనుమానించడం మంచి పద్ధతి.

హిమాలయాల్లో సుమారు 3,000 నుంచి 5,000 మీటర్ల ఎత్తులో పెరిగే జటామాంసి అనే ఔషధ మొక్కను ఉదాహరణగా తీసుకొందాం. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కాబట్టి, వేడి పెరిగే కొద్దీ చల్లదనం కోసం మొక్క పైకి జరగాలి. సాధారణంగా శిఖరం వైపు వెళ్లే కొద్దీ నేల తగ్గుతూ, రాళ్లు పెరుగుతూ పోతాయి. పటంలో పైభాగం అనుకూలమని రంగు పడినా, అక్కడ వేరూనడానికి మట్టి ఉందా, గింజ అంత దూరం చేరగలదా, పరాగ సంపర్కం జరిపే కీటకాలు అక్కడికి వస్తాయా అన్న ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ మొక్కను తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నదిగా వర్గీకరించింది. మందుగా వాడేది భూమిలో ఉండే దాని కాండాన్ని కనుక, తవ్వి తీస్తే చాలా సందర్భాల్లో మొక్కే పోతుంది. అతిగా తవ్విన చోట మొక్క కనిపించకపోతే, ఆ లోపాన్ని వాతావరణం మీదకు నెట్టే పొరపాటు కూడా నమూనాల్లో జరగవచ్చు.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. పటం మొక్క బతికే చోటును చూపుతుందే తప్ప, మందు ఉండే చోటును చూపదు. మొక్కల్లోని ఔషధ గుణాలకు మూలమైన ఆల్కలాయిడ్లు, టెర్పీన్లు వంటి పదార్థాల్లో చాలా భాగం ఎండ, కరువు, పురుగుల దాడి వంటి ఒత్తిళ్లను తట్టుకోవడానికి మొక్క తయారుచేసుకొనేవే. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను ఇచ్చే ఆర్టెమీసియా ఆన్యువాలో ఆ పదార్థపు శాతం మొక్క రకాన్ని, పెరిగిన ప్రాంతాన్ని, కోసిన సమయాన్ని బట్టి బాగా మారుతుంది. అందువల్ల ఏపుగా పెరిగే చోట మందు పలచగా ఉండడం, కష్టపడి పెరిగే చోట చిక్కగా ఉండడం అసంభవమేమీ కాదు. అయితే ఒత్తిడి మరీ పెరిగితే మొక్కే నిలవదు కనుక, ఈ సంబంధం సరళరేఖలా సాగదు. ఒక జాతికి తేలిన ఫలితాన్ని మరొక జాతికి అంటగట్టడానికీ వీలులేదు.

కాబట్టి పటం పూర్తయ్యాక అసలు శ్రమ మొదలవుతుంది. అనుకూలమని చూపిన చోట్లలో వెతికి, మొక్క ఉందో లేదో తేల్చాలి. లేనిచోట స్థానిక వృక్షాలకు హాని లేదని నిర్ధారించుకొన్నాకే, చిన్న మడిలో విత్తి చూడాలి. మందుగా వాడే భాగం ముదిరేదాకా ఆగి, దానిలోని పదార్థాలను ప్రయోగశాలలో కొలవాలి. కంప్యూటరు కొన్ని గంటల్లో పటం గీసి ఇస్తుంది, కాని ఎత్తైన కొండల మీద నెమ్మదిగా పెరిగే మొక్క ఆ కొలతకు సిద్ధం కావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో వాతావరణం మళ్లీ మారుతుంది కనుక, కొత్త కొలతలతో పటాన్ని తిరిగి గీయవలసి ఉంటుంది.