టక్ మన్నంత మాత్రాన రిలే బాగున్నట్టు కాదు

[రాయగడ. షెడ్డు ముందు ఆగిన వ్యాను. వెనక భాగం కిందకి కుంగి ఉంది.]

నమస్కారం. పాత వ్యానులో మంచాలు, స్టవ్వు పెట్టి ఇల్లులా మార్చుకున్న బండి ఇది. వెనక ఎయిర్ సస్పెన్షన్, అంటే బండి బరువు మోసే గాలి సంచులు, వాటికి గాలి కొట్టే 12 వోల్టుల కంప్రెసర్ ఉన్నాయి. సాలూరు దాటి, పొట్టంగి ఘాటీ ఎక్కి, కోరాపుట్ మీదుగా మా రాయగడ వచ్చేసరికి కంప్రెసర్ ఆగిపోయింది. "బాబూ, ఇప్పటికే రెండు రిలేలు మార్చాను, ఇది మూడోది" అన్నారు బండి పెద్దాయన.

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి డబ్బా. మూడోది కూడా పోయిందంటే తప్పు రిలేది కాదు. దాన్ని కాలుస్తున్నదేదో పట్టుకోవాలి.

[రిలే అడుగు భాగం, దగ్గరగా]

85, 86 కాయిల్ పిన్నులు. కాయిల్‌కి కరెంటు అందితే లోపలి పాయింట్లు టక్ మని అంటుకుని 30ని 87కి కలుపుతాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా కరెంటు వస్తుంది, 87 నుంచి కంప్రెసర్‌కి పోతుంది. కొన్నిటికి మధ్యలో 87ఏ ఉంటుంది, ఇక్కడ దాంతో పని లేదు. కాయిల్‌కి పావు ఆంపియరు కూడా అక్కర్లేదు. కంప్రెసర్ మాత్రం 20 ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే లాగుతుంది. ఆ బరువంతా లోపలి పాయింట్ల మీదే పడుతుంది.

ముందు ఫ్యూజు చూడండి. ట్యాంకు నిండి ఉంటే ప్రెషర్ స్విచ్చే కంప్రెసర్‌ని ఆపుతుంది, కాబట్టి కొంచెం గాలి వదిలి చూడండి. అప్పుడూ టక్ మనకపోతే 85, 86 మధ్య 12 వోల్టులు వస్తున్నాయా చూడాలి. రాకపోతే స్విచ్చి వైపో, ఎర్త్ వైపో వెతకండి. వస్తుంటే రిలే తీసి కాయిల్ ఓమ్స్ కొలవండి. 12 వోల్టుల రిలేకి మామూలుగా 70 నుంచి 100 మధ్య ఉంటుంది. 300 దగ్గర చూపిస్తే అది లారీకి వాడే 24 వోల్టుల రిలే కావచ్చు.

ఈ బండిలో టక్ మంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. 87 వైరు ఊడదీసి కొలిస్తే మీటరు నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే లోడు లేదు. ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా అప్పుడు బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే వైర్లన్నీ తగిలించి, కంప్రెసర్‌కి కరెంటు పోతుండగానే కొలవాలి. మీటరు ఒక కొన 30 మీద, రెండోది 87 మీద పెట్టండి.

[మీటరు: 2.1]

పాయింట్లు బాగుంటే ఇక్కడ 0.2 దాటకూడదు. 2 వోల్టులు, 20 ఆంపియర్లు అంటే 40 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, ఇంత చిన్న డబ్బాలో! సాకెట్ చూడండి, ప్లాస్టిక్ గోధుమరంగుకి మారి లోపలి క్లిప్పు వదులైపోయింది. ఇందులో కొత్త రిలే పెడితే అదీ కాలుతుంది. దయచేసి పెద్ద ఫ్యూజు వేసి సరిపెట్టకండి, ఫ్యూజు బదులు వైరింగ్ అంటుకుంటుంది.

కంప్రెసర్ ఎర్త్ బోల్టు కింద తుప్పు కూడా ఉంది. వోల్టేజి తగ్గి మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, ట్యాంకు నిండడానికి ఎక్కువసేపు పడుతుంది.

[సబ్బు నురుగు పూసిన గాలి పైపు]

అసలు దొంగ ఇక్కడున్నాడు. పైపు చాసిస్‌కి రాసుకుని అరిగింది, బుడగలు చూడండి. గాలి కారిపోతుంటే కంప్రెసర్ మాటిమాటికీ స్టార్ట్ అవుతుంది, స్టార్ట్ అయిన ప్రతిసారీ పాయింట్ల దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. ఒక్క మాట: గాలి మీద నిలబడ్డ బండి కింద స్టాండ్లు పెట్టకుండా దూరకండి. పైపు విప్పేముందు గాలంతా వదిలేయండి.

బ్యాటరీ మైనస్ తీసి పైపు ముక్క, సాకెట్ మార్చాం. ఎర్త్ గీకి శుభ్రం చేశాం. 40 ఆంపియర్ల కొత్త రిలే వేశాం.

[మీటరు: 0.1]

ఆ రాత్రి బండిని ఇక్కడే ఉంచమన్నాం. పొద్దున్న చూస్తే గేజ్ ముల్లు రాత్రి వదిలిన చోటే ఉంది. టీ తాగి పెద్దాయన గుణుపురం వైపు బయల్దేరారు.