పులి అరవదు, గాండ్రిస్తుంది

(తెర మీద: పిల్లల నోట్‌బుక్, పెన్సిల్‌తో నింపిన ఖాళీలు)

నమస్తే అండీ. ఇది మా అమ్మాయి తెలుగు నోట్‌బుక్. మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. దానికి ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, అపార్ట్‌మెంట్ కింద ఆటల్లో కన్నడ. ఖాళీలు నింపమంటే సింహం అరుస్తుంది, పులి అరుస్తుంది, ఏనుగు అరుస్తుంది అని రాసుకుంటూ పోయింది. చివరికి పాము కూడా అరుస్తుందట!

వినిపిస్తే తెలుస్తుందని బన్నేరుఘట్ట సఫారీకి తీసుకెళ్ళాను. పులి నోరు తెరిచింది గానీ, ఆవలించడానికి. ఇక చెప్పడం నా వంతయింది.

(తెర మీద: సింహం, పులి, నక్క, పాము)

సింహం గర్జిస్తుంది. రాత్రి పూట ఆ గర్జన 8 కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. పులి గాండ్రిస్తుంది. నక్క ఊళ పెడుతుంది. పాముకి మనలా స్వరపేటికలో తీగలు లేవు, ఊపిరిని బలంగా బయటికి తోస్తుంది. అదే బుస. చీతా అసలు గర్జించలేదు, పిట్టలా కిచకిచమంటుంది. "చీతా గర్జన" అని హెడ్డింగ్ కనిపిస్తే నాకు నవ్వొస్తుంది.

(తెర మీద: బెల్లం డబ్బా, చీమలు)

గుంపుల సంగతి ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషులో సింహాల గుంపుకో పేరు, తోడేళ్ళ గుంపుకో పేరు, బట్టీ పట్టాలి. తెలుగు ఎక్కువగా జంతువును కాదు, గుంపు తీరును చూస్తుంది. వరసగా పోతే బారు: చీమల బారు, ఆకాశంలో కొంగల బారు. అవే చీమలు బెల్లం డబ్బా మీద పడ్డాయా, దండు! మిడతలదీ దండే, పొలం మీద పడతాయి కదా. అల్లరి చేస్తే మూక, కోతి మూక. కలిసి మేస్తూ తిరిగేది మంద, గొర్రెలైనా ఏనుగులైనా. పులికి ఈ గొడవే లేదు. పిల్లల తల్లి తప్ప మిగతావి ఒంటరిగానే తిరుగుతాయి.

(తెర మీద: ఏనుగుల మంద, ముందు పెద్ద ఆడ ఏనుగు)

ఏనుగుల మందకి పెద్దది ఆడ ఏనుగే. ఎదిగిన మగవి మంద వదిలి వెళ్ళిపోతాయి. ఏనుగు అరుపు ఘీంకారం. "ఘీం" అనేది శబ్దం, "కారం" అంటే చేయడం. మిరపకాయ కారం కాదు, మా అమ్మాయి అడిగింది!

అయితే ఏనుగులు ఎప్పుడూ ఘీంకరిస్తూ కూర్చోవు. 1984లో అమెరికాలోని పోర్ట్‌లండ్ జూలో కేటీ పేన్ అనే పరిశోధకురాలు ఏనుగుల దగ్గర నిలబడితే, చెవికి ఏమీ వినపడకుండానే గాలిలో ఏదో అదురు తెలిసింది. రికార్డు చేసి చూస్తే 14 నుంచి 24 హెర్ట్జ్ మధ్య, అంటే గాలి సెకనుకు అన్నిసార్లే అదిరే పిలుపులు. సుమారు 20 కంటే తక్కువైతే మన చెవికి వినపడదు. అంటే అవి మన ముందే మాట్లాడుకున్నా, చాలా మాటలు మనకు అందవు.

(తెర మీద: మళ్ళీ నోట్‌బుక్)

ఇదంతా విన్నాక మా అమ్మాయి "అరుస్తుంది" చెరిపి "ఘీంకరిస్తుంది" అని రాసింది. దాని కింద తనే ఇంకో ఖాళీ గీసింది: "ఏనుగు మెల్లగా మాట్లాడితే ______."

నేనింకా దాన్ని నింపలేదు. మీ ఊళ్ళో ఏమైనా మాట ఉంటే కామెంట్‌లో రాయండి.